నల్లరేగడి నేలలో ఏరోబిక్ సెప్టిక్: మా ఇంటి సిస్టమ్ ఎలా పనిచేస్తోంది

డాలస్‌కి ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా దాటి ఎకరం, ఎకరంన్నర స్థలంలో ఇల్లు తీసుకోవాలనుకునే మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, అక్కడ సిటీ డ్రైనేజీ ఉండదంట, ఏరోబిక్ సెప్టిక్ అంట. వాసన వస్తుందా? రోజూ దాంతో టెన్షనేనా?" అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేకంటే అందరికీ పనికొచ్చేలా రాయాలనిపించింది. ఇంటి మురుగునీటిని పెరట్లోనే గాలి పట్టించి శుభ్రం చేసే సిస్టమ్ ఇది. మా ఇంట్లో దాని బాధ్యత మొదటినుంచి నాదే. మూతలు తీసి చూడటం, క్లోరిన్ వేయడం, సర్వీసు వాళ్ళతో మాట్లాడటం అన్నీ నేనే చేస్తాను.

ముందే మార్కులు చెప్పేస్తాను. సిస్టమ్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. దాన్ని చూసుకుంటామని మొదట్లో డబ్బు తీసుకున్న సర్వీసు కంపెనీకి ఐదుకి రెండు కూడా ఎక్కువే. ఈ రెండిటినీ కలిపి చూసి "ఏరోబిక్ మంచిది కాదు" అని చాలామంది తేల్చేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

అసలు ఇక్కడ ఇది ఎందుకు పెడతారో ముందు చెప్పాలి. నేను నంద్యాల దగ్గర ఊళ్ళో పుట్టి పెరిగాను. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు పెరట్లో మట్టిగడ్డ చేతిలోకి తీసుకుని నలిపి చూసి, "ఇది మన నల్లరేగడే కదమ్మా" అన్నాడు. నిజమే. ఉత్తర టెక్సస్ నుంచి కిందికి శాన్ ఆంటోనియో దాకా పరుచుకున్న నల్లమట్టి నేల మన రేగడి జాతిదే. వాన పడితే ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిచ్చి చెయ్యి పట్టేంత పగుళ్ళు వస్తాయి. నీళ్ళు లోపలికి ఇంకడం మాత్రం చాలా నెమ్మది. మామూలు సెప్టిక్ ట్యాంకులో నీళ్ళు సగం శుభ్రపడి బయటికొస్తాయి. మిగతా సగం పని భూమిలో వేసిన చిల్లుల పైపుల చుట్టూ ఉన్న మట్టే చేయాలి. రేగడిలో ఆ నీళ్ళు ఇంకవు, పైకి ఉబికి మడుగు కడతాయి. అందుకని ఆ సగం పని కూడా ట్యాంకులోనే పూర్తిచేసి, శుభ్రమైన నీళ్ళను గడ్డి మీద చల్లేస్తారు. ఏరోబిక్ యూనిట్ పని అదే.

మాది నాలుగు బెడ్‌రూముల ఇల్లు. ఇంత ఇంటికి పొదుపు కొళాయిలు ఉంటే రోజుకి 300 గ్యాలన్లు, అంటే సుమారు 1,135 లీటర్ల వాడుకనీరు వస్తుందని లెక్క వేస్తారు. మాకు పెట్టిన యూనిట్ రోజుకి 500 గ్యాలన్లది. పెరట్లో పైకి కనిపించేది ఆకుపచ్చ మూతలు, గోడ పక్కన చిన్న కంట్రోల్ బాక్సు, ఒక ఎయిర్ పంపు, గడ్డిలో ఊదారంగు టోపీల స్ప్రింక్లర్లు. ఊదారంగు అంటే "ఇవి తాగే నీళ్ళు కావు" అని గుర్తు.

భూమి లోపల జరిగేది ఇది. ఇంట్లోంచి వచ్చిన నీళ్ళు ముందు ట్రాష్ ట్యాంకులో పడతాయి. బరువైనవి అడుగుకు చేరతాయి, నూనె, సబ్బు తెట్టు పైన తేలుతాయి. మధ్యలో ఉన్న మురికినీరు రెండో గదిలోకి వెళ్తుంది. అసలు పని అక్కడే. ఎయిర్ పంపు రాత్రింబగళ్ళు గాలిని అడుగుదాకా తోస్తుంది, డిఫ్యూజర్లు అనే సన్న రంధ్రాల భాగాల గుండా ఆ గాలి బుడగలుగా పైకి లేస్తుంది. బుడగలు రెండు పనులు చేస్తాయి: నీళ్ళలో ఆక్సిజన్ కలుపుతాయి, లోపలున్న బురదను అడుగున కూర్చోనివ్వకుండా తిప్పుతాయి. ఆ బురదలో ఎక్కువ భాగం బ్యాక్టీరియానే. ఆక్సిజన్ ఉన్నచోట బతికే బ్యాక్టీరియా నీళ్ళలో కరిగిన మురికిని ఆక్సిజన్ లేనిచోట బతికే వాటికంటే చాలా వేగంగా తింటుంది. తిన్నదాంట్లో కొంత కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది, కొంత కొత్త బ్యాక్టీరియా అవుతుంది. అవి ఒకదానికొకటి అంటుకుని చిన్న చిన్న ముద్దలు కడతాయి. విడిగా ఈదుతున్న బ్యాక్టీరియాను వాటికంటే పెద్దవైన ప్రోటోజోవా జీవులు తినేస్తాయి. చివరికి వచ్చే నీళ్ళు తేటగా ఉండటానికి వాటి పుణ్యం చాలా ఉంది.

ఈ గది మధ్యలోనే గరాటు ఆకారంలో క్లారిఫైయర్ ఉంటుంది. దాని లోపలికి బుడగలు రావు కాబట్టి నీళ్ళు కదలవు. కదలని నీళ్ళలో ఆ ముద్దలు కిందికి జారి, అడుగు తెరపి గుండా మళ్ళీ గాలి గదిలోకే వెళ్ళిపోతాయి. పైన మిగిలిన తేటనీరు క్లోరిన్ బిళ్ళల గొట్టం మీదుగా పంప్ ట్యాంకులోకి దిగుతుంది. మాది అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఐదులోపు గడ్డి మీద చల్లుతుంది.

బురదను పారేయకుండా మళ్ళీ గాలిగదిలోకి పంపడమే ఈ పద్ధతికి ప్రాణం. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. మురుగునీటికి గాలి పట్టించి, పైనీళ్ళు తీసేసి, అడుగున పేరుకున్న బురదను అలాగే ఉంచి దాని మీద కొత్త మురుగు పోస్తూ పోయారు. మొదట వారాలు పట్టిన పని గంటల్లోకి దిగింది. వాళ్ళను ఈ దారిలో పెట్టిన గిల్బర్ట్ ఫౌలర్ తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. పెద్ద పెద్ద నగరాల మురుగునీటి ప్లాంట్లలో జరిగేది, మా పెరట్లో జరిగేది ఒకటే పద్ధతి.

మరి నీళ్ళు నిజంగా శుభ్రపడతాయా? ఇక్కడ అమ్మే యూనిట్లకు ఎన్‌ఎస్‌ఎఫ్ 40 అనే పరీక్ష ఉంటుంది. ఆరు నెలలపాటు నిజమైన మురుగునీరు పోసి చూస్తారు. మొదటి తరగతిలో పాస్ కావాలంటే బయటికొచ్చే నీళ్ళలో బీఓడీ, అంటే బ్యాక్టీరియా తినడానికి మిగిలిన మురికి కొలత, 30 రోజుల సగటున లీటరుకు 25 మిల్లీగ్రాములు దాటకూడదు. తేలాడే నలుసులు 30 దాటకూడదు. ఇంట్లోంచి వచ్చే మురుగులో ఈ బీఓడీ మామూలుగా 200 పైనే ఉంటుంది. ఈ పరీక్షలో నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. సంసారం నడిచే తీరు తెలిసినవాళ్ళు రాసినట్టుంటుంది. బట్టలన్నీ ఒకేసారి ఉతికే రోజు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళి పొద్దున, సాయంత్రం మాత్రమే నీళ్ళు వాడే రోజులు, కరెంటు పోయిన రోజు, ఊరెళ్ళి ఇంట్లో ఎవరూ లేని రోజులు, అన్నిటికీ విడిగా పరీక్ష పెడతారు.

అలాగని ఇది అన్నిటినీ తీసేయదు. ఉప్పులు అలాగే ఉంటాయి. అమ్మోనియా చాలావరకు నైట్రేట్‌గా మారుతుంది తప్ప పూర్తిగా పోదు, ఫాస్ఫరస్ కూడా చాలావరకు మిగులుతుంది. గడ్డికి అవి ఎరువే అయినా, మనుషులు తినేవాటికి ఈ నీళ్ళు పనికిరావు. టెక్సస్ నిబంధనల్లో కూరగాయల తోట మీద, పండ్లచెట్ల మీద ఈ నీళ్ళు చల్లకూడదని స్పష్టంగా ఉంది. ఏమీ మొలవని వట్టి నేల మీద కూడా చల్లకూడదు. మా నాన్నకి స్ప్రింక్లర్ల పక్కన పచ్చగా ఉన్న జాగా చూడగానే గోంగూర, వంగ వేయాలని మనసు పడింది. "వద్దు నాన్నా, ఇవి ఆ నీళ్ళు" అని చెప్పి, ఇంటికి అవతలి వైపు మడి కట్టించాను. అక్కడ కుళాయి నీళ్ళే పెడతాం.

వాసన సంగతి. బాగా నడుస్తున్న గాలి గది మూత తీస్తే తొలకరి మట్టి వాసనలా ఉంటుంది. నీళ్ళు ముదురు గోధుమ రంగులో కుతకుతలాడుతూ ఉంటాయి. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, ఎవరి రిపోర్టూ చదవక్కర్లేదు. కుళ్ళిన గుడ్డు వాసన, బూడిద లేక నలుపు రంగు కనిపిస్తే గాలి అందడం లేదని అర్థం.

ఇప్పుడు సర్వీసు గురించి చెప్పాలి, ఎందుకంటే మా ఇబ్బందులన్నీ అక్కడినుంచే వచ్చాయి. టెక్సస్‌లో కొత్త ఏరోబిక్ సిస్టమ్‌కి మొదటి రెండేళ్ళు పెట్టినవాళ్ళ సర్వీసు ఉంటుంది. ఆ తర్వాత మనమే కాంట్రాక్టు చేసుకుంటాం. సర్వీసు వాళ్ళు నాలుగు నెలలకోసారి వచ్చి చూసి, కౌంటీకి (ఇక్కడి జిల్లా లాంటిది) రిపోర్టు పంపాలి. మేం చేసుకున్న కంపెనీ పేరు చెప్పను. వాళ్ళ మనిషి వచ్చేవాడు, ఎయిర్ పంపు దగ్గర నిలబడి చెవి పెట్టేవాడు, కంట్రోల్ బాక్సుకి కట్టిన చీటీ మీద తేదీ వేసి వెళ్ళిపోయేవాడు. మూత తీయడం నేను చూడలేదు. రిపోర్టులో ప్రతిసారీ "ఏరేటర్ (అంటే ఎయిర్ పంపు): పనిచేస్తోంది".

ఒక వేసవిలో రాత్రి స్ప్రింక్లర్లు తిరిగినప్పుడు కిటికీలోంచి దుర్వాసన రావడం మొదలైంది. అలారం మాత్రం మోగలేదు. ఫోన్ చేస్తే "క్లోరిన్ వేయండి మేడమ్" అన్నారు. వేశాను. వాసన పోలేదు. పక్కింటి ఆయన చెబితే ఒంటరిగా పనిచేసుకునే ఇంకో లైసెన్స్ టెక్నీషియన్‌ని పిలిచాను. పెద్దాయన. రాగానే మూత తీశాడు. గది మొత్తం కుతకుతలాడాల్సింది పోయి, ఒక మూల మాత్రమే బుడగలు. నీళ్ళు బూడిదరంగు. ఆక్సిజన్ కొలిచే మీటరు దించితే లీటరుకు అర మిల్లీగ్రాము కూడా లేదు, రెండు దాకా ఉండాలి.

అలారం ఎందుకు మోగలేదో ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆ అలారం పైపులో గాలి ఒత్తిడి తగ్గితే మోగుతుంది. మా డిఫ్యూజర్లు మూసుకుపోయాయి. మూసుకుపోతే ఒత్తిడి తగ్గదు, పెరుగుతుంది. పంపు మామూలుగానే గుయ్యిమంటుంది, అలారం మామూలుగానే నిద్రపోతుంది, నీళ్ళకు మాత్రం ఊపిరాడదు. పంపు చప్పుడు విని వెళ్ళిపోయే మనిషికి ఇది ఎప్పటికీ తెలియదు. మూత తీసిన మనిషికి ఒక్క చూపులో తెలుస్తుంది.

డిఫ్యూజర్లు మార్చాడు, పంపు ఫిల్టరు కడిగాడు. కంట్రోల్ బాక్సులో ఎర్రచీమలు గూడు పెట్టుకుని ఉంటే శుభ్రం చేశాడు. ఈ ప్రాంతంలో ఫైర్ యాంట్స్ కరెంటు బాక్సుల్లోకి దూరడం మామూలే, అందుకని బాక్సుకి వైర్లు దూరే రంధ్రాలు మూయించుకోండి. తర్వాత ఒక పారదర్శకమైన జాడీలో గాలిగది నీళ్ళు ముంచి మెట్టు మీద పెట్టాడు. అరగంటయ్యాక బురద ఎంత ఎత్తున కూర్చుందో చూశాడు. "ఇంకా ట్యాంకు తోడించక్కర్లేదు" అన్నాడు. జాడీలో బురద సగం దాటి పైకొస్తుంటే తోడించే సమయం దగ్గరపడినట్టు. మామూలుగా మూడు నుంచి ఐదేళ్ళకోసారి పడుతుందట. పాత కంపెనీ ఈ పరీక్ష ఒక్కసారీ చేయలేదు. కొన్ని వారాల్లో నీళ్ళు మళ్ళీ గోధుమరంగుకి తిరిగాయి, వాసన పోయింది. అప్పటినుంచి కాంట్రాక్టు ఆయనకే. పాత కంపెనీకి ఏడాదికి 300 డాలర్లు కట్టేవాళ్ళం, ఈయన తీసుకునేది అంతకంటే ఎక్కువే. ప్రతి డాలరూ న్యాయమైనదే.

క్లోరిన్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. స్విమ్మింగ్ పూల్ బిళ్ళలు చవకగా దొరుకుతున్నాయని వాటిని ఇందులో వేయకండి. ఇందులో వాడేది కాల్షియం హైపోక్లోరైట్, డబ్బా మీద మురుగునీటి కోసమని రాసి ఉంటుంది. పూల్ బిళ్ళలు చాలావరకు ట్రైక్లోర్ అనే వేరే రసాయనం. ఆ రెండూ ఒకేచోట తడిస్తే ప్రమాదకరమైన గ్యాసు పుడుతుంది, పేలిపోవచ్చు కూడా. మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మూతలకు స్క్రూలు అన్నీ ఉన్నాయో లేదో ప్రతిసారీ చూసుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో వదులు మూత కంటే భయపడాల్సింది ఈ సిస్టమ్‌లో ఇంకోటి లేదు. బిళ్ళలు గొట్టంలో ఇరుక్కోవడం మామూలే, నెలకోసారి కర్రతో కదిపి చూడాలి. క్లోరిన్ ఒక్కటే అంతా సరిచేసేస్తుందనుకోవద్దు. నీళ్ళలో మురికి మిగిలి ఉంటే క్లోరిన్ క్రిములను చంపకముందే ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. వాసన వస్తే క్లోరిన్ వేయమనడం అందుకే తప్పుడు సలహా.

మన వంటిల్లు దీనికి కాస్త బరువే. వేపుళ్ళ నూనె, నెయ్యి, పోపు అడుగులు పేపరుతో తుడిచి చెత్తలో వేశాకే గిన్నె సింకులో పెడతాను. మా ఊళ్ళో బియ్యం కడిగిన నీళ్ళు, గంజి కుడితి తొట్టిలోకి వెళ్ళేవి, గేదె తాగేది. ఇక్కడ సింకులో పోస్తే అదంతా బ్యాక్టీరియాకి అదనపు తిండి, దానికి అదనపు గాలి కావాలి. నేను మడిలో వంగమొక్కలకు పోస్తున్నాను. ఇడ్లీపిండి గిన్నెలు కూడా గరిటెతో గీకి, మొదటి కడుగు నీళ్ళు బయట పోస్తాను. సింకులో చెత్త నూరే మిషన్ ఉంది కానీ వాడం. బాత్రూముల్లో "ఫ్లష్ చేయొచ్చు" అని రాసిన తడి వైప్స్ ఏవీ వేయనివ్వను. బట్టలు శనివారం ఒక్కరోజే అన్నీ ఉతక్కుండా వారమంతా సర్దుకుంటాం. గదిలోకి నీళ్ళు ఒకేసారి ఉరికితే క్లారిఫైయర్‌లో కూర్చోవాల్సిన బురద కూర్చోకుండా బయటికి కొట్టుకుపోతుంది, అంతే కారణం. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నప్పుడు భోజనాలు బయట వండించి, ఆకుల విస్తళ్ళలో పెట్టాం. అంట్ల నీళ్ళే తగ్గాయి.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్ళకు కరెంటు పోయినప్పుడు మాకూ పోయింది. గాలి ఆగిపోతే ఆక్సిజన్‌తో బతికే బ్యాక్టీరియా వెంటనే చచ్చిపోదు, నీరసిస్తుంది. నీళ్ళు చాలా తక్కువ వాడాం. కరెంటు వచ్చాక కొంచెం వాసన వచ్చి దానంతటదే సర్దుకుంది. ఇండియాకి వెళ్ళేటప్పుడు కూడా కరెంటు ఆదా అని పంపు ఆపకండి. తిండి లేకపోయినా అవి తమలో దాచుకున్నది తింటూ కొన్ని వారాలు నెట్టుకొస్తాయి, గాలి మాత్రం ఉండాలి. మా పంపు సుమారు 80 వాట్లది. రోజంతా నడిస్తే నెలకి 58 యూనిట్ల దాకా అవుతుంది, యూనిట్ 15 సెంట్లు వేసుకున్నా 9 డాలర్లలోపే.

సిస్టమ్‌కి తగ్గించిన ఆ అరమార్కు ఎందుకంటే, మూసుకుపోయిన డిఫ్యూజర్‌ని పట్టుకునే అలారం అందులో లేదు. ఒత్తిడి తగ్గినా, పెరిగినా మోగే స్విచ్ పెట్టడం తయారుచేసేవాళ్ళకు పెద్ద పని కాదని నా అభిప్రాయం. పెడితే మాలాంటి వాళ్ళు ఒక వేసవంతా ఆ వాసన పీల్చేవాళ్ళం కాదు.

మీరు చూస్తున్న స్థలంలో నేల ఇసుకపాళ్ళు ఎక్కువై నీళ్ళు బాగా ఇంకుతుంటే, సైట్ పరీక్ష చేసే లైసెన్స్ మనిషి మామూలు సెప్టిక్ చాలంటే, అదే తీసుకోండి. పంపు లేదు, క్లోరిన్ లేదు, ఖర్చు తక్కువ. రేగడి అయితే ఏరోబిక్ తీసుకోవడానికి వెనకాడక్కర్లేదు. ఏరోబిక్ ఉన్న పాత ఇల్లు కొనేటప్పుడు మాత్రం మామూలు ఇంటి ఇన్‌స్పెక్షన్‌తో సరిపెట్టుకోకండి. ఆప్షన్ గడువులోపే, అంటే కొనడం మానుకునే వీలున్న రోజుల్లోనే, సెప్టిక్ లైసెన్స్ ఉన్న మనిషిని విడిగా పిలిచి, అన్ని మూతలూ మీ ఎదుటే తీయించండి. గాలిగదిలో బుడగలు నాలుగు మూలలా వస్తున్నాయో లేదో మీ కళ్ళతో చూడండి, జాడీ పరీక్ష అడగండి, స్ప్రింక్లర్లు చేత్తో ఆన్ చేయించి ఎంత దూరం కొడుతున్నాయో చూడండి. ఆ ఇంటి పాత సర్వీసు రిపోర్టులు కౌంటీ ఆఫీసులో అడిగి తీసుకోండి. ట్యాంకు చివరిసారి ఎప్పుడు తోడించారో అమ్మేవాళ్ళ దగ్గర రసీదు లేకపోతే, తోడించే ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలని బేరంలో రాయించండి.